నాలుగు చక్రాలు, ఒక సుద్దముక్క

ఉదయం తొమ్మిదిన్నరకు బాస్ తుమ్మాడు. ఆ గాలికి బల్లమీది ఫైలు తెరుచుకుంది. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఫైలు కదలడానికి అంతకన్నా వేగమైన పద్ధతి లేదు.

“స్టెప్నీ!” అన్నాడు బాస్, ముక్కు తుడుచుకుంటూ.

అది ఎదురుగా నిలబడ్డ ఏజెంటు కోడ్ నేమ్. మిగతా ఏజెంట్లు పంక్చరయ్యాక తగిలించే మనిషి కనుక ఆ పేరు.

“ఈ పెట్టెలో కొత్త సైఫర్ కీ ఉంది. సరిహద్దు అవతల మనవాళ్ళు పన్నెండు మంది. వాళ్ళ పాత కోడ్ శత్రువు చేతికి చిక్కింది. పదకొండింటికి హార్బర్‌లో ఓడ కదులుతుంది. పెట్టె ఆ ఓడెక్కకపోతే పన్నెండు మందీ రేపటికి ఉండరు.”

“దూరం?”

“అరవై కిలోమీటర్లు. మధ్యలో కొండ, తొమ్మిది మలుపులు. పోయిన నెల మన కొరియర్ కారు ఏడో మలుపులో లోయలో పడి కాలిపోయింది. యాక్సిడెంట్ అన్నారు. పెట్టె మాత్రం దొరకలేదు.”

“రింగ్ పనా?”

“ఇంకెవరు? పైకి విదేశీ రేసింగ్ టీమ్. లోపల గూఢచారుల ముఠా. అందులో ‘అద్దం’ అని ఒకావిడ ఉంది. ఒకప్పుడు మన మనిషే. ఎదుట ఎవరు నిలబడితే వాళ్ళలా కనిపిస్తుంది. కనిపిస్తే కాల్చెయ్. ఆలోచించకు.”

“ఆలోచించడం ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడుంది బాస్?”

అతనికి ఇచ్చిన వేషం బీమా ఏజెంటుది. ఏజెంటుకు ఏజెంటు వేషం, అబద్ధం సగానికి సగం ఆదా. పైగా బీమా ఏజెంటును రోడ్డు మీద ఎవరూ ఆపరు. ఆపితే పాలసీ అంటగడతాడని భయం.

కింద గ్యారేజీలో బావ కారు స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచాడు. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు, స్టెప్నీ పెట్టడానికి చోటు లేనిది. బావ అంటే వరసకు బావ కాదు, సొంత అక్క మొగుడు. డిపార్ట్‌మెంట్‌లో టైర్ ఫిట్టర్. పన్నెండేళ్ళుగా అతని కారుకు ప్రతి చక్రం బిగించింది ఆ ఎడమ చెయ్యే. అందుకే అతను ఏనాడూ వంగి టైరు చూడలేదు.

“కొత్త టైర్లేశాను. ఏడో మలుపులో అరవై తగ్గకు, తగ్గావో ఓడ అందదు,” అన్నాడు బావ, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. తుడిచిన చేతులనే మళ్ళీ తుడిచాడు.

“అక్కేమంది?”

“మధ్యాహ్నం ఇద్దర్నీ భోజనానికి రమ్మంది.” గుడ్డ భుజాన వేసుకుని అన్నాడు: “జాగ్రత్త రా.”

పన్నెండేళ్ళలో బావ ఎప్పుడూ “పోరా, పో” అనే పంపాడు. ‘జాగ్రత్త’ కొత్త మాట. కొత్త టైర్లతో పాటు వచ్చిందేమో అనుకుని అతను క్లచ్ వదిలాడు.

కొండ మొదలయ్యాక మొదటి మలుపులోనే కారు తోక ఆడించింది. ముక్కు చక్కగా తిరిగింది, నడుము జారింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు ఎక్కడో బాడీకి ఒరుసుకుని కరకరమంది.

తిన్నని రోడ్డు రాగానే స్పీడోమీటరు ముల్లును అరవై మీద నిలిపి, వాచీలో స్టాప్‌వాచ్ నొక్కాడు. అరవై అంటే నిమిషానికి కిలోమీటరు. కిలోమీటరు రాయి యాభై ఏడు సెకన్లకే వచ్చింది. తర్వాతి రాయీ అంతే. రాళ్ళు జరగవు. కనుక జరిగిన మోసం చక్రంలో ఉంది. వెనక టైరు ఉండాల్సిన దానికన్నా ఎత్తయితే, ఒక్కో చుట్టుకూ ఎక్కువ దూరం పోతుంది. మీటరు తక్కువ చెబుతుంది, కారు ఎక్కువ పరిగెడుతుంది.

నాలుగో మలుపు దాటాక కారు పక్కకు ఆపి, మొదటిసారి వంగి చూశాడు.

టైరు గోడ మీద అంకెలను చదవడం బావే నేర్పాడు. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత ఎత్తో ఆ లెక్క. చివరిది రిమ్ అంగుళాలు. ఈ కారుకు ముందు 225/45, వెనక 255/40 ఉండాలి, రిమ్ములు పదిహేడు. ఇప్పుడేమో వెడల్పాటి 255 ముందుకొచ్చి కూర్చుంది. వెనక సన్నగా, పొడుగ్గా 215/55.

“నెట్టేది వెనక చక్రం రా. దానికి వెడల్పివ్వాలి. తిరగేసి బిగిస్తే ముందు మలుపు తిరుగుతుంది, వెనక లోయ తిరుగుతుంది,” అని బావ ఒకప్పుడు నవ్వుతూ చెప్పిన పాఠం.

గ్యారేజీలోకి ఎవరో దూరి మార్చి ఉంటారు. రింగ్ మనుషులే. బావ చూసి ఉండడు. అతను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు కనబడింది సుద్దగీత.

నట్టు బిగించాక నట్టు మీంచి రిమ్ మీదికి పసుపు సుద్దతో ఒక గీత గీయడం బావ అలవాటు. నట్టు వదులైతే గీత విరుగుతుంది. గీత చివర చిన్న తోక, ఎడమచేతి వాటం సంతకం. “నా గీత ఉందంటే నా పూచీ ఉన్నట్టే,” అనేవాడు. అతను నాలుగు చక్రాల చుట్టూ తిరిగాడు. నాలుగింటికీ గీతలున్నాయి. నాలుగు గీతలకూ తోకలున్నాయి.

గట్టిగా పట్టుకున్న మాటను అతను వదిలేశాడు.

వెనక ఎర్ర కారు ఆగింది. అందులోంచి దిగినావిడ వేసుకున్న నల్లకళ్ళజోడులో అతనికి తన మొహమే రెండుగా కనిపించింది. అద్దం! అతని చెయ్యి పిస్టల్ మీదికి పోయింది.

“గాలి ఎంత?” అందావిడ.

అది పై ఆఫీసు కోడ్. బాస్‌కే బాస్ అయినవాళ్ళిచ్చేది.

“ముప్పై రెండు,” అన్నాడు అప్రయత్నంగా.

“హమ్మయ్య. నన్ను రింగ్‌లోకి పంపింది మీ బాస్ పైవాళ్ళు. ఆయనకు తెలీదు, జలుబు మనిషి, రహస్యం కూడా తుమ్మేస్తాడని చెప్పలేదు. మీ గ్యారేజీలో వాళ్ళ మనిషున్నాడని నాకు పొద్దునే తెలిసింది. ఎవరో తెలీదు. నీకు తెలుసా?”

“మా అక్కకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా వండి పెడుతోంది.”

ఆవిడ కళ్ళజోడు తీసింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి మూత విప్పితే లోపల టైర్ ప్రెషర్ గేజ్! “నా కార్లో జాకీ ఉంది, మాస్టారూ. నీ దాంట్లో ఒకటి. ఏడుపు తర్వాత, ఇప్పుడు వెనకవి ముందుకి, ముందువి వెనక్కి!”

రెండు జాకీలు, నాలుగు చేతులు, ఇరవై రెండు నిమిషాలు. అద్దం గోళ్ళు రెండు విరిగాయి. ఆమె తిట్టిన తిట్లకు ఏ కోడూ అక్కరలేదు, ఏ భాషవాడికైనా అర్థమవుతాయి.

ఇప్పుడు వెడల్పు టైర్లు వెనక, సన్నవి ముందు. కారు ఇక తోక తిప్పదు. మలుపులో ముక్కే బయటికి పోతానంటుంది. అది మొండితనం, వెన్నుపోటు కాదు. మొండివాడితో బేరమాడవచ్చు: ముందే బ్రేకు, మెల్లగా లోపలికి, నిదానంగా యాక్సిలరేటరు.

ఏడో మలుపు. కింది రోడ్డులో రికవరీ ట్రక్కు క్రేన్ ఎత్తుకుని, ఇంకా జరగని యాక్సిడెంటు కోసం ముందే వచ్చి నిలబడి ఉంది. కారు లోయలోంచి కాక రోడ్డు మీంచే దిగడం చూసి ట్రక్కు డ్రైవరు నోరు తెరిచాడు. తర్వాత ట్రక్కును రోడ్డుకు అడ్డంగా తిప్పాడు. చక్రం అడ్డువేయడమంటే అదే, ఆరు చక్రాలతో!

అతను ముందే బ్రేకు నొక్కాడు. ముక్కు మొరాయించి, బేరమాడి, లోపలికి ఒరిగింది. ట్రక్కు బంపరుకూ రాతిగోడకూ మధ్య కారంత సందు, ఇంకో జానెడు. పక్క అద్దం ఒకటి ఎగిరిపోయింది. వెనకనున్న అద్దం మాత్రం తన ఎర్ర కారును ట్రక్కు తలుపుకు ఆనించి ఆపి, పిస్టల్‌తో డ్రైవరును పలకరించింది.

హార్బర్‌లో ఓడ మెట్లు పైకి లాగుతున్నారు. పది యాభై తొమ్మిది. అతను పెట్టె విసిరాడు. ఓడ మీది చేతులు దాన్ని గాల్లో పట్టుకున్నాయి. ఓడలు బళ్ళవుతాయంటారు. ఆ రోజు ఓ బండి, ఓ ఓడ కలిసి పన్నెండు బతుకులను నిలబెట్టాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు కారు గ్యారేజీలోకి వచ్చింది. బావ ఇంజిన్ చప్పుడు గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. గేటు దగ్గర ఇద్దరు ఆఫీసర్లు ఆగారు.

“గీతలు చూశావా?” అన్నాడు బావ.

“నాలుగూ చూశాను. నన్ను చంపడానికి బిగించి, నట్టు ఊడకుండా పూచీ కూడా ఇచ్చావేంటి బావా?”

“గియ్యకుండా ఉండలేకపోయాను రా. చెయ్యి ఊరుకోలేదు.”

“కొరియర్ కారుకూ గీశావా?”

బావ నేల చూశాడు. ఆ నేలమీద పన్నెండేళ్ళ నూనె మరకలున్నాయి.

“ఎందుకు బావా?”

“రేసింగ్ టీమ్‌లో చీఫ్ ఫిట్టర్‌ని చేస్తామన్నారు. వాళ్ళ ఇంజనీరొకడు గంటసేపు నా పని చూసి, నీ అంత చెయ్యి ఎక్కడా చూళ్ళేదన్నాడు. నువ్వెప్పుడైనా అన్నావా? మెడల్ నీకొచ్చింది, ఫొటోలో నువ్వున్నావు. నేను కారు కిందున్నాను. పన్నెండేళ్ళలో ఒక్కసారి, ‘బావా, టైర్లు బాగున్నాయి’ అన్నావా?”

అతను అనలేదు. నిజమే. ఒక మాట అనలేదు. ఆ ఒక్క మాటకు పన్నెండు ప్రాణాలూ, తనదీ, లోయలో కాలిపోయినవాడిదీ ఎలా సరితూగుతాయో అతనికి అర్థం కాలేదు.

ఆఫీసర్లు వచ్చి బేడీలు వేసిన చేతులతోనే బావ కారు పక్కన వంగాడు. “నట్లు సరిగ్గా బిగించలేదు. ఎవరు బిగించారు?” అంటూ స్పానర్ అందుకుని ఒక్కొక్కటీ బిగించాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఆఫీసర్లు అడ్డుకోబోతే అతనే వద్దన్నాడు. నాలుగు గీతలు, నాలుగు తోకలు.

ఫోన్ మోగింది. అక్క. “ఏరా, వస్తున్నారా ఇద్దరూ? అన్నం చల్లారిపోతోంది.”

అతను ఫోన్ బావ చెవి దగ్గర పెట్టాడు.

“ఆలస్యమవుతుంది,” అన్నాడు బావ. “నువ్వు తినెయ్.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర సుద్దముక్క ఉండి ఉండదు.

ఆఫీసర్లు బావను తీసుకెళ్ళాక మెట్ల మీద తుమ్ము వినిపించింది. బాస్ దిగాడు. “శభాష్ స్టెప్నీ! రేపు పొద్దున ఇంకో అసైన్‌మెంట్ ఉంది. సిద్ధమేనా?”

అతను వంగి, తాజా సుద్దగీత మీద బొటనవేలితో రుద్దాడు. పోలేదు.

“రేపు కుదరదు బాస్. స్టెప్నీలో గాలి లేదు.”