వయోరేఖ

హన్విక వచ్చి కూర్చునేసరికే గణకం సగం వరుసను తేల్చేసి ఆమె మాట కోసం కాచుకుని ఉంది. తెర మీద ఒక పేరు వెలుగుతుంది. పేరు పక్కన పరీక్షలో వచ్చిన స్మృతిమానం, దాని కింద మెదడు పటం, చివర తీర్పు. హన్విక చూసి "సాక్ష్యం" అంటుంది. ఆ మాట పడితేనే తీర్పు చెల్లుతుంది. మనిషి ఒప్పుకోని యంత్రం తీర్పు చెల్లదని చట్టం. కోరుట్ల స్మృతికేంద్రంలో మానవసాక్షి అనే ఉద్యోగం ఉన్నది అందుకే.

"వయోసహజం."

"సాక్ష్యం."

"వయోసహజం."

"సాక్ష్యం."

"స్మృతిక్షయం, తొలిదశ."

"సాక్ష్యం."

స్మృతిక్షయమని తేలినవాళ్ళు కుడివైపు గదిలోకి వెళతారు. అక్కడ ధార అనే మందు ఎక్కిస్తారు. తొలిదశలో ఎక్కిస్తే మరుపు ఉన్నచోటే ఆగిపోతుంది. ఆలస్యమైతే ధార నీళ్ళతో సమానం. వయోసహజమని తేలినవాళ్ళు, అంటే ఈ వయసుకు ఈ మాత్రం మరుపు మామూలే అనిపించుకున్నవాళ్ళు, ఇంటిదారి పడతారు.

ఎండ ముదిరాక ఇద్దరు అక్కాచెల్లెళ్ళు వచ్చారు. అక్క లావణ్యవ్వ. ఈడు వచ్చినప్పటి నుంచి బీడీలు చుట్టి, ఆ కూలితోనే చెల్లెలు శిరీషను చదివించింది. శిరీష కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. ఇద్దరి పెనిమిట్లూ పోయాక ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. ఈమధ్య ఒకరు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే, ఆ సంగతి గుర్తుచేయడం రెండోవాళ్ళు మరిచిపోతున్నారు.

ఇద్దరి స్మృతిమానమూ ఒక్కటే వచ్చింది. పటాలు పక్కపక్కన పెడితే మరుపు తెచ్చే మడ్డి కూడా ఒకే చోట, ఒకే మందాన పేరుకుని కనిపించింది. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు మరి.

తీర్పులు మాత్రం వేరు. శిరీషకు స్మృతిక్షయం, తొలిదశ. లావణ్యవ్వకు వయోసహజం.

"మా అక్కది ఏదో తప్పు పడ్డట్టున్నది మేడం. మళ్ళొకసారి చూడుండ్రి," అంది శిరీష.

"తప్పు పడలేదు టీచరమ్మా. మీ చదువుకు స్మృతిమానం ఇంకా ఎక్కువ ఉండాలె. తగ్గింది కాబట్టి రోగమన్నది," అంది హన్విక.

"మరి నాకు?" అంది లావణ్యవ్వ.

"బీడీలు చుట్టినోళ్ళకు గింతే ఉంటదని గణకం లెక్క అవ్వా. అందుకే మామూలంటున్నది."

లావణ్యవ్వ కాసేపు తెరకేసి చూసింది. ఆమెకు కోపం వచ్చినట్టు లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

"అంటే మాకు మతి పోతే రోగం కాదన్నట్టు. అలవాటన్నట్టు."



"నాకు ఎక్కిచ్చేదేదో మా అక్కకు ఎక్కియ్యుండ్రి," అంది శిరీష.

"పేరు మారితే ధార దిగదు టీచరమ్మా."

"అయితే నాకూ వద్దు."

లావణ్యవ్వ చెల్లెలి భుజం మీద ఒక్కటి వేసింది. "పిచ్చిదాని లెక్క మాట్లాడకు. నిన్ను చదివిచ్చింది నాతోటి మునుగుతందుకానే? నడువ్ లోపలికి!"

శిరీష కదల్లేదు. గుమ్మం దగ్గరి బల్ల మీద అక్క చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. వాళ్ళ వెనక వరుస ఆగింది.

హన్విక తర్వాతి పేరును పిలవలేదు. గణకాన్ని వయోరేఖ చూపించమంది. ఏ బతుకు బతికినవాళ్ళకు ఏ వయసులో ఎంత జ్ఞాపకం మిగులుతుందో చెప్పే గీత అది. శిక్షణలో ఆ గీతను దయ అని నేర్పారు. బడి ముఖం చూడనివాళ్ళు పరీక్షలో తడబడితే రోగులని ముద్ర పడకుండా, పూర్వం ఎవరో మంచిమనుషులు కులం, పని, చదువు అన్నీ లెక్కగట్టి గీశారట. హన్విక ఇన్నేళ్ళూ అది నమ్మింది. నమ్మడానికి తగినంత నిజం అందులో ఉంది కూడా.

ఇప్పుడు బీడీ ఆడవాళ్ళ గీతను ఏడాది వెనక ఏడాది పరిచి చూసింది. అది ప్రతి ఏడూ కాస్త కిందికి జారింది. ఎందుకు జారిందని అడిగితే గణకం దాచకుండా చెప్పింది: వయోసహజమని సాక్ష్యం పడిన ప్రతి మనిషినీ మరుసటి ఏడు ఆరోగ్యవంతుల నమూనాలో కలుపుకుంటుంది. మరుపు ఉన్నవాళ్ళను ఆరోగ్యవంతులని కలుపుకుంటూ పోతే, ఆరోగ్యమే మరుపు మట్టానికి దిగుతుంది. నిరుడు రోగమైనది ఈ ఏడు మామూలవుతుంది. ఇంటికి పంపినవాళ్ళు తర్వాత ఏమయ్యారని అడిగింది. చాలామంది కన్నబిడ్డలను గుర్తుపట్టడం లేదు. మెట్‌పల్లి నుంచి జగిత్యాల దాకా ఆ గీత మొత్తం ఒక్కరి సాక్ష్యాల మీదే నిలబడి ఉంది. ఆ సాక్షి పేరు తెర అడుగున ఉంది. అది హన్విక పేరే.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"సాక్ష్యం ఉపసంహరణ."

ఆ మాట గణకంతో అంతకుముందు ఎవరూ అన్నట్టు లేదు. జవాబుకు కాస్త సమయం పట్టింది. "ఎవరి విషయంలో?"

"బీడీ కార్మికులకు నేను వయోసహజమని చెప్పినవన్నీ."

"ఉపసంహరిస్తే ఆ వర్గానికి వయోరేఖ ఉండదు. ఈ సాయంత్రంతో మీ సాక్షి హోదా రద్దవుతుంది. ఖాయమేనా?"

"ఖాయం."

గీత చెరిగిపోయింది. వెంటనే హైదరాబాదు నుంచి పర్యవేక్షకుడు ప్రణీత్ ముఖం తెర మీదికి వచ్చింది.

"హన్విక గారూ, ఏం చేశారు మీరు? జగిత్యాల పట్టిక సగం ఖాళీ అయింది!"

"సాక్ష్యం వెనక్కి తీసుకున్నా సార్. చట్టంలో ఉన్నదే."

"గీత లేకపోతే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. కొత్తది గీసేదాకా పటాన్ని బట్టే తీర్పు. మడ్డి ఉన్నోళ్ళందరూ రోగులే."

"అంతమందికి ధార లేదండీ మన దగ్గర!" ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

"ధార లేదని చెప్పండి సార్. రోగం లేదని మాత్రం చెప్పకండి."

ప్రణీత్ గొంతు తగ్గించాడు. "మళ్ళీ సాక్ష్యం చెప్పేయండి. పొరపాటున జరిగిందని నేను రాసుకుంటా. ఎవరికీ ఏమీ కాదు."

"చెప్పను."

"సాయంత్రానికి మీ కుర్చీలో ఇంకొకరు ఉంటారు."

"సాయంత్రం దాకా నేనే ఉంటా," అని హన్విక ఆయన ముఖాన్ని తెర మూలకు నెట్టేసింది.

గణకం వరుసను మళ్ళీ పేర్చడం మొదలుపెట్టింది. పొద్దున ఇంటికి పంపిన పేర్లు ఒక్కొక్కటే పైకి తేలాయి. నిరుటివీ, అంతకుముందటివీ వాటి వెనక వస్తున్నాయి. కొన్ని పేర్లకు ఆలస్యమైపోయింది, ఇక ధారతో పనిలేదు. ఆ పేర్లు కూడా ఆమె దాటేయకుండా చదివింది. ఒక్కోదానికీ స్మృతిక్షయమని సాక్ష్యం చెప్పింది. తర్వాత లేచి తలుపు బార్లా తీసి హాల్లోకి వచ్చింది. ఫలితం విని చెప్పులేసుకుంటున్న బీడీ ఆడవాళ్ళు తలెత్తి చూశారు.

"ఎవరూ ఇంటికి పోకుండ్రి. ఇందాక మామూలే అన్న కదా, అది నా మాట కాదనుకోండ్రి. మీకున్నది రోగమే. మీ ఇండ్ల పక్కన బీడీలు చుట్టినోళ్ళు ఇంకెవరున్నా ఫోన్ చేసి పిలువుండ్రి. పొద్దుగూకక ముందే రమ్మనుండ్రి."

రోగముందంటే అంత సంబరపడిన జనాన్ని ఆ హాలు ఎన్నడూ చూసి ఉండదు. ఒకామె అప్పుడే ఫోన్ తీసి అరవసాగింది. బల్ల మీద శిరీష అక్క వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

"అక్కా, నీకు రోగమున్నదటనే!"

లావణ్యవ్వ కొంగు దులుపుకుని లేచింది.

"ఉన్నదని నేను ఇంటికాడి నుంచే చెప్తలేనా? ఉంటే ఎక్కియ్యుమను," అని చెల్లెల్ని ముందుకు తోసి, తాను వెనక కుడివైపు గదిలోకి నడిచింది.