బాగుందన్న మాట

మధ్యాహ్నం పూట తిమ్మప్ప హోటల్లో ఒక టేబుల్ మొత్తం మనకే దొరకడమంటే లాటరీ తగిలినట్టే. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచి ఇంకా ఏడాది కాలేదు. చుట్టూ బండరాళ్లు, ఎర్రమట్టి, క్రేన్లు. ఆఫీసుల్లో మాత్రం జనం రోజురోజుకీ పెరుగుతున్నారు. ఆ జనానికి చుట్టుపక్కల తిండి దొరికే చోట్లు మాత్రం తక్కువ.

తిమ్మప్పది హిందూపురం వైపు. ఓడలో వంటవాడిగా చేరి, యోకోహామాలో దిగి, అక్కడి వంటిళ్లలో పదేళ్లు గడిపి వచ్చాడు. రేకుల షెడ్డు కింద పెద్ద గుండిగల్లో కోడి ఎముకల సూపు మరిగించి, అందులో నూడుల్స్ వేసి, పైన కోడిగుడ్డు, ఉల్లికాడలు వేసి ఇస్తాడు. బోర్డు మీద 'రామెన్' అని రాయించాడు. జనం దాన్ని రామన్న హోటల్ చేసేశారు. కొత్తగా వచ్చినవాళ్లు తిమ్మప్పను పట్టుకుని "రామన్నగారు లేరా?" అని అడిగేవాళ్లు.

"లేడప్పా, నేనుండాను కదా, తినిపోండి" అనేవాడు ఆయన.

జులైలో ఒకరోజు, వాన జోరుగా ఉన్నప్పుడు, వాసంతి గొడుగు ముడిచి లోపలికి వచ్చింది. వాసంతిది కాకినాడ. పాత కంప్యూటర్ ప్రోగ్రాములు రెండువేల సంవత్సరంలో తికమక పడకుండా వాటిలోని తేదీలను సరిచేసే ఉద్యోగం. హోటల్లో నిలబడటానికి కూడా చోటు లేదు.

"ఏమప్పా, ఆ బ్యాగు తీసి పాపకు చోటియ్యి" అన్నాడు తిమ్మప్ప, గోడవారగా కూర్చున్న కుర్రాడితో.

అతను బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా పొగలు కక్కుతున్న గిన్నె. కారం నూనె సీసా అందుకుని, సూపంతా ఎర్రబడే దాకా గుమ్మరించాడు.

వాసంతి ఊరుకోలేకపోయింది. తిండి విషయంలో ఊరుకోవడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

"మీరు కనీసం ఒక్క స్పూను కూడా రుచి చూడలేదండి."

"చూడాల్నా?"

"పొద్దున్నుంచీ మరిగించిన సూపండీ అది. అల్లం వాసన, ఉల్లి మాడిన వాసన, అన్నీ కలిసి ఎంత బాగా వస్తున్నాయో. మీరు దాని పీక నొక్కేశారు."

అతను ఒక్క క్షణం గిన్నెలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. "అనంతపురం మనిషినండీ. నాలుక మండకపోతే మాకు అన్నం తిన్నట్టే ఉండదు."

అతని పేరు ప్రశాంత్. పక్క బిల్డింగులో నెట్‌వర్క్ ఇంజనీరు. వాన తగ్గే లోపల, నూడుల్స్‌ని జుర్రుమని శబ్దం చేస్తూ పీల్చాలని, జపాన్‌లో అది మర్యాదేనని తిమ్మప్ప చెప్పిన సంగతి ఆమెకు చెప్పాడు. వాసంతి ప్రయత్నించింది. సూపు ఎగిరి అతని చొక్కా మీద పడింది.

"ఇదీ మర్యాదేనా అండీ?" అన్నాడు.

"మీ కారం నూనెకు శిక్ష" అంది.

అలా మొదలైంది. మర్నాడు అతను ఎదుటి కుర్చీలో బ్యాగు పెట్టి ఉంచాడు. ఎవరైనా అడిగితే "మనిషి వస్తాంది" అనేవాడు. ఆ మనిషి తానేనని వాసంతికి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

సోమవారం తిమ్మప్పకు సెలవు. ఆ రోజు వాసంతి ఇద్దరికీ బాక్సులు తెచ్చేది; అతని ఆఫీసు మెట్ల మీద కూర్చుని తినేవాళ్లు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, గుత్తి వంకాయ, మామిడల్లం పచ్చడి. ఆమెకు మాటలు తక్కువేమీ కాదు గానీ, ఇష్టం లాంటి పెద్ద మాటలు మాత్రం నోటికి రావు. అవన్నీ వంటలోకే వెళ్లిపోతాయి.

"ఎలా ఉంది?"

"బాగుందండి."

"ఇంగువ ఎక్కువైందేమో?"

"లేదు లేదు, సరిగ్గా ఉంది."

ఎప్పుడూ అదే మాట. మొహమాటస్తుడు కాబోలు అనుకుంది. అయినా ఆ మాట కోసం ఆదివారం సాయంత్రం నుంచే వంకాయలు ఏరుతూ కూర్చునేది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం రాయదుర్గం వైపు బండరాళ్ల మధ్య నడుస్తుండగా అతను ఉన్నట్టుండి ఆగాడు. "వాసంతిగారూ, మీరంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకోవాలని ఉంది. మీకు ఇష్టం లేకుంటే రేపు కూడా ఆ కుర్చీ మీకే, ఏమీ మారదు."

వాసంతి కొంత వ్యవధి అడిగింది. అడిగిందే గానీ, ఆ ఆదివారమే ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, ఇక్కడ ఒకాయన ఉన్నారు. మీరోసారి వచ్చి చూస్తే బాగుంటుంది" అని చెప్పేసింది.

అక్టోబరులో కాకినాడ నుంచి వస్తూ స్నేహితురాలు ఐసు పెట్టెలో రొయ్యలు తెచ్చింది. వాసంతి దోసకాయ వేసి కూర వండింది. బాక్సులు సర్ది ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ ఆదివారం రాత్రి కరెంటు పోయి తెల్లవారే దాకా రాలేదు. పొద్దున ఆలస్యమై, మూత కూడా తీయకుండా బాక్సులు సంచిలో వేసుకుని పరిగెత్తింది. ఆ రోజు కలిసి తినే వీల్లేక, దారిలో ప్రశాంత్ బాక్సు వాళ్ల రిసెప్షన్‌లో ఇచ్చింది.

మధ్యాహ్నం తన బాక్సు మూత తీసింది. గుప్పుమని వచ్చిన కంపుకు పక్క సీటు అమ్మాయి ముక్కు మూసుకుని లేచి వెళ్లిపోయింది.

వాసంతి ఫోన్ అందుకుంది. "ప్రశాంత్‌గారూ, ఆ కూర తినకండి."

"తినేసినానండి" అన్నాడు అతను హాయిగా. "చాలా బాగుంది."

ఆమె తన బాక్సు వైపు ఇంకోసారి చూసింది.

సాయంత్రానికి అతన్ని వాంతులతో దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చేర్చారు. వాసంతి ఆటోలో వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది.

"జర కూర్చో అమ్మా, పరేషాన్ గాకు" అంది నర్సు. "రేపటికల్లా లేస్తడు. ఏం తిన్నడో ఏమో, గంత పాడైంది ఎట్ల మింగిండో."

నర్సు వెళ్లాక వాసంతి అదే అడిగింది. "ఎలా తిన్నారు? కుక్క కూడా ముట్టని కూర అది. నేను బాధపడతాననా?"



"నాకు వాసన తెలీదండి" అన్నాడు అతను. "రెండేళ్ల కింద బళ్లారి రోడ్డులో బండి మీద నుంచి పడినా. తల వెనక తగిలింది. అప్పట్నుంచీ లేదు. ఇంక రాదన్నారు. ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఇవి నాలుకకు తెలుస్తాయి. కారం మండుతుంది. అంతే. మిగతాదంతా గడ్డి."

"మరి నా వంకాయ? మామిడల్లం?"

"మెత్తగా ఉండిందొకటి. పుల్లగా ఉండిందొకటి."

"మొదటిరోజే చెప్పొచ్చుగా."

"ఆ రోజు మీరు ఆ సూపు గురించి అంత ముచ్చటగా చెప్తా ఉంటే, నాకు తెలీదని చెప్పలేకపోయినా. ఆ తర్వాత చెప్దామనుకున్నా కొద్దీ కష్టమైపోయింది."

వాసంతికి జాలి కలిగింది. ఆ జాలి వెనకాలే ఇంకేదో లేచింది. ఎన్ని ఆదివారాలు, ఎన్ని వంకాయలు. ప్రతి 'బాగుంది' వెంటా తను ఎంత సంబరంగా మెట్లు దిగేది.

"నేనంటే ఇష్టం అన్నారు కదా" అంది నెమ్మదిగా. "అది కూడా 'బాగుంది' లాంటిదేనా?"

 జవాబు రాకపోయేసరికి వాసంతి బయటికి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె తిమ్మప్ప హోటల్ వైపు వెళ్లలేదు. సీటు దగ్గరే పెరుగన్నం తినేది. అతను ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నానని చెప్పించింది.

ఒక పొద్దున వంటింట్లో ఒంటరిగా నిలబడి ఎందుకో ముక్కు గట్టిగా మూసుకుని, ఆవకాయ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పగా ఉంది, పుల్లగా ఉంది, మండింది. ఆవ లేదు, నూనె లేదు, మామిడికాయ లేదు, కాకినాడలో వాళ్ల పెరడూ లేదు. ఎవరి ఇంట్లోనైనా తినగలిగే ఎర్రటి ముద్ద ఒకటి మాత్రం ఉంది. వేళ్లు తీసేయగానే అన్నీ ఒక్కసారిగా తిరిగి వచ్చాయి. అతనికి అలా తీసేయడానికి వీల్లేదు. అయినా ప్రతి సోమవారం తన ఎదురుగా కూర్చుని, ఆఖరి మెతుకు దాకా తిని నవ్వేవాడు.

ఆ ముద్ద మింగాక ఆమెకు కోపం సగం పోయింది. అతనన్న 'ఇష్టం' అనే ఆ ఒక్క మాటను నమ్మాలో వద్దో మాత్రం తేలలేదు.

అప్పుడే నాన్న రామబ్రహ్మం వచ్చాడు. కాకినాడలో ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. ఎర్రమంజిల్‌లో ఆఫీసు పనుందని చెప్పాడు గానీ, గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగగానే అడిగిన మాట వేరు.

"ఆ అబ్బాయిని ఎక్కడ చూద్దామంటావ్?"

"ఇప్పుడు మాట్లాడుకోవట్లేదు నాన్నా."

"ఏం?"

"అబద్ధం చెప్పాడు. నా వంట బాగుందని."

రామబ్రహ్మం కూతుర్ని కింది నుంచి పైకి చూశాడు. "అది కూడా అబద్ధంలో లెక్కేనటే? అలాగైతే మీ అమ్మ నన్ను ఏనాడో ఇంట్లోంచి పంపేసేది."

వాసంతి నవ్వలేదు. అది చూసి ఆయన పెట్టె అందుకుని ఆటో కోసం నడిచాడు.

ఎర్రమంజిల్ పని ముగించుకుని, మధ్యాహ్నం ఆమె ఆఫీసు దగ్గరికి వచ్చాడు ఆయన. వాన పట్టుకుంది. ఆకలేస్తోందన్నాడు. కనబడిన ప్రతి చోటా జనం బయటి దాకా నిలబడి ఉన్నారు. చివరికి రామన్న హోటల్లోకే తల దాచుకోవాల్సి వచ్చింది.

"పాపా, ఎన్నాళ్లకు" అన్నాడు తిమ్మప్ప. ఆమె పక్కనున్న పెద్దాయన్ని చూశాడు. "నాయనా? రాండి సార్. ఏయ్ ప్రశాంతూ, జరుగప్పా."

గోడవారగా అదే టేబుల్. ప్రశాంత్ లేచి నిలబడ్డాడు. కొంచెం చిక్కినట్టున్నాడు. తప్పించుకునే దారి ముగ్గురిలో ఎవరికీ కనబడలేదు.

"మీరేనా?" అన్నాడు రామబ్రహ్మం.

"నేనేనండి."

"కూర్చో బాబూ. ముందు తిందాం."

గిన్నెలు వచ్చాయి. రామబ్రహ్మం అనుమానంగా ఒక స్పూను తాగాడు, తర్వాత ఇష్టంగా ఇంకో స్పూను. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అబ్బ, ఏం వాసన. దీన్ని తినక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. ఏం బాబూ, నీకెలా ఉంది?"

వాసంతి చేతిలో స్పూను ఆగింది. ఒక్క మాట చాలు. ఆ మాట అతనికి బాగా అలవాటైనదే. పెద్దాయన అది వినాలనే అడిగాడు.

"ఉప్పు సరిపోయిందండి" అన్నాడు ప్రశాంత్. "వేడిగా ఉంది. నూడుల్స్ బాగా జారుతున్నాయి. అంతకు మించి నాకు తెలీదు సార్. నాకు వాసన తెలీదు." తలకు తగిలిన దెబ్బ గురించి, డాక్టర్ల మాట గురించి దాచకుండా చెప్పాడు. "ఇది మీ అమ్మాయికి చెప్పకుండా ఇన్నాళ్లూ బాగుంది బాగుంది అంటా వచ్చినా. తప్పు చేసినా."

రామబ్రహ్మం స్పూను కింద పెట్టాడు.

ప్రశాంత్ ఈసారి వాసంతి వైపు తిరిగాడు. "ఆ రోజు మీరు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. తర్వాత చాలా ఆలోచించినా. బాగుంది అన్న ప్రతిసారీ మీరు సంతోషపడతారని తెలిసే అన్నానండి. సులువుగా వచ్చేది ఆ మాట. ఇష్టం అని చెప్పిన రోజు మీరేమంటారో తెలీదు. ఇంక మీరు మాట్లాడరేమోనని భయపడినా. అయినా చెప్పినా. ఆ రెండూ ఒకటి కాదండి."

చుట్టూ జనం జుర్రుమని తింటున్నారు. రేకుల మీద వాన హోరు. 

రామబ్రహ్మం మళ్లీ స్పూను అందుకుని సూపంతా ఖాళీ చేశాడు. తర్వాత గిన్నె పక్కకు జరిపాడు.

"గ్యాస్ లీకైతే నీకు తెలుస్తుందా?"

"తెలీదండి. అందుకే రూములో స్టవ్వే పెట్టుకోలేదు."

"రూము సంగతి సరే. రేపు ఇల్లంటూ అయితే వంటిల్లు ఉంటుంది కదా. గ్యాస్ లీకైనా, పాలు విరిగినా, కూర పాడైనా ఎవరు చూస్తారు?"

ప్రశాంత్ తలవంచుకున్నాడు.

"నేను చూస్తాను నాన్నా" అంది వాసంతి.

ఏం అన్నదో అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. ఎదుట ఇద్దరూ తననే చూస్తున్నారు. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

రామబ్రహ్మం జేబులోంచి పెన్ను తీశాడు. "మీ నాన్నగారి ఫోన్ నంబరు చెప్పు బాబూ."

ప్రశాంత్ కంగారులో ముందు తన ఆఫీసు నంబరు చెప్పాడు. తర్వాత సర్దుకుని అనంతపురం నంబరు చెప్పాడు. రామబ్రహ్మం ఏమీ ఎరగనట్టు రెండూ రాసుకుని, చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఆయన చేతులు అంతసేపు కడుక్కోవడం వాసంతి ఎప్పుడూ చూడలేదు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో గబగబా తుడుచుకుంది.

"ఏమైందండీ?" అన్నాడు ప్రశాంత్.

"కారం."

అతను ఆమె గిన్నె వైపు చూశాడు. "మీరు కారం వేసుకోలేదు కదండీ."

"లేదు" అంది వాసంతి, నవ్వుతూ. "అబద్ధం చెప్పాను."