మెడ తిరిగిన బండి

“మెడ తిరిగింది” అంది రజిత, మోటారుసైకిలు చుట్టూ ఒక్కసారి తిరిగి, హ్యాండిల్ కింద ఫ్రేమ్ గొట్టం చూసి.

“మెడ కాదండి, ఎడమకి లాగుతోంది. వెనక చక్రం సరిచూసే గీతలు, చెయిన్ దగ్గరివి, రెండు పక్కలా సమానంగానే పెట్టాను. మాన్యువల్ చూసే పెట్టాను” అన్నాడు వచ్చినవాడు. పేరు జాన్సన్. మెడలో హైటెక్ సిటీ ఆఫీసు ట్యాగు, చేతిలో హెల్మెట్, ముఖం నిండా నమ్మకం. పాపం, ఇంత పాత బండికి ఇలాంటి యజమాని దొరికాడేమిటి అనుకుంది రజిత.

“గీతలు ఫ్యాక్టరీల కొట్టినయి సార్. బండి ఎన్నిసార్లు పడ్డదో గవాటికేం ఎరుక?”

“మేస్త్రీ గారు లేరా అండి?”

ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండింది. చందానగర్ సందులోని ఈ రేకుల షెడ్డు తండ్రి మల్లయ్య పెట్టింది. బాలానగర్‌లో నేర్చిన పనంతా కూతురికే నేర్పాడు. ఆయన నడుము పట్టేశాక మూడేళ్లుగా షెడ్డు ఆమెదే. అయినా వచ్చిన ప్రతివాడికీ మేస్త్రీ గారే కావాలి.

“నేనే మేస్త్రిని.”

బండిని నిటారుగా నిలబెట్టి, దారానికి ఒక నట్టు కట్టి వెనక చక్రం పక్కన వేలాడదీసింది. దారం పైనా కిందా టైరుకి ఆనింది. ముందు చక్రం పక్కన పెడితే పైన ఆనింది, కింద వేలు దూరింది; ముందు చక్రం ఒక పక్కకి ఒరిగి ఉంది.

జాన్సన్ వంగి, తనూ వేలు పెట్టి చూశాడు. “సారీ అండి. తప్పు నాదే” అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకునే మగవాణ్ణి ఆమె ఆ షెడ్డులో చూడలేదు.

మర్నాటి నుంచి సాయంత్రమైతే చాలు, వచ్చేవాడు. ఇంజన్ దించి, ఫ్రేమ్‌ను ఇనుప బల్లకు బిగించి, మెడలోకి పొడుగాటి పైపు దూర్చి ఆమె మెల్లగా లాగుతుంటే స్టూలు మీద కూర్చుని చూసేవాడు. పైన రేకుల మీద వాన దరువేసేది.

“నిటారుగా వచ్చేసిందిగా, ఇంకా లాగుతారేంటండి?”

“ఇడిస్తె మళ్ల ఎనకకు పోతది. జర ఎక్కువ లాగాలె, అప్పుడే సక్కగ నిలబడ్తది.”

“మనుషులక్కూడా అంతేనా?”

“మీకు ఆఫీసుల పని లేదా?”

అతను నవ్వాడు. ఆ నవ్వు కోసమే తను ఎదురుచూస్తోందని తెలిసి రజితకు తన మీదే కోపం వచ్చింది. ఆదివారం పటాన్‌చెరు నుంచి సంబంధం వాళ్లు వస్తున్నారు. పెళ్లయితే షెడ్డు మూసేయాలన్నది వాళ్ల షరతు. మల్లయ్య అవుననలేదు, కాదనలేదు.

ఆదివారం వాళ్లు నేరుగా షెడ్డుకే వచ్చేసరికి రజిత ఆఖరి బోల్టు బిగిస్తోంది. మల్లయ్య స్టూలు మీద కూర్చున్నాడు. బండి కోసం వచ్చిన జాన్సన్ పక్కనే ఉన్నాడు. పెళ్లికొడుకు మేనత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “ఇగ ఈ నూనె పనులు బంద్ చేయాలె బిడ్డా” అంది.

“బంద్ చెయ్య” అంది రజిత, స్పానర్ కింద పెట్టకుండానే. “పని ఇడవను, షెడ్డు ఇడవను. నచ్చకపోతె చాయ్ తాగి పోండ్రి.”

ఫ్రేమ్ సరిచేసినవాళ్లే బండిని మొదట నడపాలి, అదీ చేతులు వదిలేసి. అది ఆ షెడ్డు రివాజు. అందరూ చూస్తుండగానే రజిత బండెక్కి, ఖాళీ సందులో రెండు చేతులూ పైకెత్తింది. బండి ఎడమకూ పోలేదు, కుడికీ పోలేదు.

తిరిగొచ్చేసరికి జాన్సన్ మల్లయ్య ముందు నిలబడి, “మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానండి” అంటున్నాడు.

“నన్ను అడగకుండ మా నాయిననడుగుతవేంది?” అంది రజిత.

అతను ఆమె వైపు తిరిగాడు. “నన్ను చేసుకుంటారా?”

“నువ్వు చర్చికి పోతవ్, మేం పోచమ్మ గుడికి పోతం. నేను మారను.”

“నేనూ మారనండి. మిమ్మల్ని మారమని అడగను.”

“షెడ్డు?”

“వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో నేనే ఇక్కడికొచ్చి కూర్చుంటాను. లాప్‌టాప్‌కి ఒక ప్లగ్గు ఉంటే చాలు.”

రజితకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. సరేనని తలూపింది.

మేనత్త లేచి నిలబడింది. “ఏంది మల్లన్నా గిది? చూసుకుంట కూసుంటవా?”

మల్లయ్య నడుము పట్టుకుని లేచి, గోడ వంక చూశాడు.

“కూసోను చెల్లె” అన్నాడు. “ప్లగ్గు ఏడ పెట్టాల్నో చూస్తున్న.”