లోడ్ సున్నా

"కూర్చో," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కూర్చోలేదు. కుర్చీ వీపు మీద ఎవరిదో నూనె తల ఆనిన మరక ఉంది. టేబుల్ మీద నిన్నటి కాఫీ కప్పు, కప్పులో తొరక, తొరకలో సిగరెట్ పీక. దేశ భద్రత ఈ గదిలోంచి నడుస్తోందంటే అసహ్యం వేసింది. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ 'ముక్కు' అంటారు. ఏ కంపైనా గోడ అవతలనుంచే పసిగడతాడు, పసిగట్టాక నోరు మూసుకోడు.

"విదేశీ ముఠా," అన్నాడు చీఫ్. "కార్లు కడిగే షెడ్డు వెనక గది తీసుకున్నారు. లోపల లోహం చెక్కే చిన్న మిల్లింగ్ మెషిన్. సరదాకి ఇంట్లో పెట్టుకుంటారే, ఆ సైజు."

"ఏం చేస్తున్నారు సర్?"

"బాంబు పిన్ను. గురువారం పన్నెండింటికి వ్యాన్‌లో బయటికొస్తుంది. నెమలి చెప్పింది."

నెమలి అంటే ముఠాలో మన డబుల్ ఏజెంట్. ఆ పేరు పలికేటప్పుడు చీఫ్ పెదాలు తడుపుకోవడం చూసి ముక్కు కిటికీ వైపు తిరిగాడు.

"అన్నీ ఆవిడే చెప్తుంటే నేనెందుకు?"

"రూలు. ఫైల్లో రెండో సోర్స్ ఉండాలి. వాళ్ల మెషినిస్టుకి కట్టర్లు ఊరికే విరిగిపోతున్నాయట. స్పిండిల్ లోడ్ మీటర్ ఎవరైనా చేసిస్తారా అని హాబీ గ్రూపులో అడిగాడు. మీ బావ అలాంటివి చేస్తాడటగా?"

బావ రిటైరైన ఫిట్టర్. ఆయన వర్క్‌షాపు వంటగది బల్ల. బిస్కెట్ డబ్బాకి చిల్లు పెట్టి, డిస్‌ప్లే బిగిస్తూ కళ్లజోడు పైనుంచి చూశాడు.

"మోటారు వైరు ఈ రింగులోంచి వెళ్తుంది. కట్టర్ లోహంలో ఎంత గట్టిగా దిగితే మోటారు అంత కరెంటు లాగుతుంది. రింగు దాన్ని పట్టి బోర్డుకి చెప్తుంది, బోర్డు అంకె చూపిస్తుంది. అంతే కథ."

"అంకెలు మాకూ అందేలా ఇందులో ట్రాన్స్‌మిటర్ పెట్టాలి బావా."

"పెట్టుకో. కానీ మీటర్ మాత్రం నిజం చెప్పాలి. కొనేవాడు దొంగైనా సరే, నా చేతిలోంచి తప్పుడు మీటర్ పోదు." బావ వేలు చూపించాడు. "బిగించాక ముందు స్పిండిల్‌ని, అదే కట్టర్‌ని తిప్పే ఇరుసుని, ఏదీ కోయకుండా ఉత్తినే తిప్పి, అప్పుడు సున్నా నొక్కమను. ఆ పని బద్ధకించారంటే చూపించే అంకెలన్నీ చెత్తే."

అక్క డ్యూటీ నుంచి వచ్చింది. నీళ్ల ప్లాంటులో కెమిస్టు. వారానికోసారి, గురువారం పన్నెండింటికి, కొత్త క్లోరిన్ సిలిండర్ వాల్వ్ తెరిచేది ఆవిడే. ఆ వాల్వ్ తిప్పే చదరపు తాళంచెవి కూడా బావ చేసిందే. దాన్ని మేకుకి తగిలించి, బల్ల చూసి మొహం మాడ్చుకుంది. "అన్నం తినే చోట సోల్డరింగా? మీ ఇద్దరికీ బుద్ధి లేదు."

బుధవారం పొద్దున ముక్కు అతికించిన గడ్డంతో షెడ్డు తలుపు తట్టాడు.

"మీ కట్టర్ ఎంత తింటుంది?" అన్నారు లోపలినుంచి.

"ఆకలేసినంత." గ్రూపులో ముందే అనుకున్న కోడ్ వర్డ్.

తలుపు తెరుచుకుంది. ముక్కు గుండె నోట్లోకొచ్చినంత పనైంది, భయంతో కాదు, కంపుతో. మెషిన్ కింద ట్రేలో, కట్టర్ వేడెక్కకుండా పోసే కూలెంట్ వారాల తరబడి కుళ్లి, మీద బూడిదరంగు జిడ్డు కట్టింది. మురిగిన కోడిగుడ్డులో కిరసనాయిలు కలిపితే వచ్చే కంపు అది. ఎదురుగా పొట్టిగా, గుండ్రంగా ఉన్న మెషినిస్టు నవ్వుతూ నిలబడ్డాడు. డబ్బా చేతిలో పెట్టగానే పొట్టాయన కళ్లు మెరిశాయి. చెప్పకముందే స్పిండిల్‌ని ఉత్తినే పది నిమిషాలు తిప్పి, వేడెక్కనిచ్చి, అప్పుడు సున్నా నొక్కాడు.

"తొందరపడితే ఎలాగండీ?" అన్నాడు పొట్టాయన. "పని పనే కదా."

ఊరికి హాని తలపెట్టినవాడు పనితనం గురించి మాట్లాడటం ముక్కుకి ఆ కంపు కన్నా రోతగా అనిపించింది.

సాయంత్రం కాఫీ హోటల్లో నెమలి కలిసింది. నీలం పట్టు, ఎత్తు చెప్పులు, గదంతా నిండిపోయే సెంటు. "మెషిన్ గదిలోకి నేనెప్పుడూ వెళ్లలేదు. నన్ను రానివ్వరు," అంది. చెయ్యి చాచినప్పుడు సెంటు అడుగునుంచి సన్నగా ఆ కుళ్లు కూలెంట్ వాసన వచ్చింది.

ముక్కు వెంటనే చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"నీ ముక్కుని ఫైల్లో ఎలా పెట్టమంటావ్?" అన్నాడు చీఫ్. "మీటర్ లెక్కలొచ్చాయి. పిన్ను అని నెమలి చెప్పేసిందిగా, మళ్లీ గ్రాఫులెందుకు? రేపు వ్యాన్ పట్టుకుందాం."

గురువారం పదకొండూ ఇరవై. డిపార్ట్‌మెంట్ మొత్తం షెడ్డు చుట్టూ పొంచి ఉంది. ముక్కు నిన్నటి గడ్డంతోనే, బావతో కలిసి లాండ్రీ వ్యాన్‌లో కూర్చున్నాడు. షెడ్డులోంచి మెషిన్ రొద వీధి చివరిదాకా వినిపిస్తోంది.

బావ ఫోన్ స్క్రీన్ ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఏదో తేడాగా ఉందిరా. మెషిన్ మోగుతోంది. లోడ్ సున్నా."

"అంటే?"

"కట్టర్ దేన్నీ ముట్టుకోవట్లేదు. గంటనుంచీ గాలిని కోస్తున్నాడు. మనం వినడానికే తిప్పుతున్నాడు." ఆయన ఫోన్ ముక్కుకి అందించాడు. "నిన్నటి గ్రాఫు తెరువు."

ఎవరూ తెరవని గ్రాఫు అది. నాలుగు గుట్టలు, ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. తర్వాత సన్నగా, చాలాసేపు సాగిన గీత.

"గుండ్రటి కడ్డీకి నాలుగు పలకలు చెక్కాడు. చదరపు తల. తర్వాత నిలువునా డ్రిల్లు దించి లోపలంతా బోలు చేశాడు. బాంబు పిన్నుకి చదరపు తల ఎందుకు? అది తాళంచెవి పట్టే వాల్వ్ కాడరా. బోలు కాడ తిప్పితే పుటుక్కున విరుగుతుంది, లోపలి గ్యాసంతా బయటికి తన్నుకొస్తుంది." బావ ముక్కు వైపు తిరిగాడు. "పొద్దున మీ అక్క ఫోన్ చేసింది. ఎవరో కొత్త సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ మేడం వచ్చి క్లోరిన్ సిలిండర్ వాల్వ్ కాడ మార్పించిందట. సెంటు కంపుకి తలనొప్పి వస్తోందంది."

 ముక్కు వైర్‌లెస్ తీసి చీఫ్‌కి చెప్పాడు. చీఫ్ విసుక్కున్నాడు. "అక్కడే ఉండు. వ్యాన్ ఇంకా రాలేదు."

ముక్కు వైర్‌లెస్ కట్టేసి వ్యాన్ నీళ్ల ప్లాంటు వైపు తిప్పాడు. బావ అక్కకి, ప్లాంటు ఆఫీసుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఎవరూ ఎత్తట్లేదు. క్లోరిన్ గదిలోకి ఫోన్ తీసుకెళ్లకూడదని రూలు. అక్క రూలు తప్పే మనిషి కాదు. ఆ రూలుని బావ దారంతా బండబూతులు తిట్టాడు. ముప్పై ఏళ్లలో ఆయన నోట తిట్టు వినడం ముక్కుకి అదే మొదలు.

పన్నెండుకి ఇంకో నిమిషం. గాజు తలుపు అవతల అక్క ముఖానికి మాస్కు, చేతిలో తాళంచెవి. దాన్ని వాల్వ్ కాడ తలకి తొడిగింది. "ఆపు!" అని బావ అరిచాడు. మాస్కులో ఏమీ వినపడలేదు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన మత్తుసూది వాచీ ముక్కు చేతికే ఉంది. దానికి బ్యాటరీ వేయించాల్సిన ఫైలు ఇంకా సంతకానికి తిరుగుతోంది. తలుపు తోసి, ఎగిరి, తాళంచెవిని ఊడబెరికి అక్కతో సహా నేలమీద పడ్డాడు.

మాస్కు లాగేసి చెంప పగలగొట్టింది అక్క. "తాగొచ్చావుట్రా? ఈ గడ్డమేంటి?"

 బావ సిలిండర్ లోపల గ్యాసుని ఆపే మూత గట్టిగా బిగిసుందో లేదో రెండుసార్లు చూసి, ఆ కాడని మెల్లగా విప్పి ఆవిడ అరచేతిలో పెట్టాడు. లోపలంతా బోలు, గోడ కాగితమంత పల్చన. అక్క దాన్ని చూసింది, కిటికీలోంచి ఎదురుగా ఉన్న బడిని చూసింది. తర్వాత అక్కడే చతికిలబడి బావ మోకాలు పట్టుకుంది.

నెమలి బయటికి పోలేదు. గేటు మూయించేసరికి పసుపు ఓవరాల్, మాస్కు తొడుక్కుని పనివాళ్లలో కలిసిపోయింది. ఎనిమిది మంది వరసగా నిలబడ్డారు, అందరూ ఒకేలా ఉన్నారు. ముక్కు ఒక్కొక్కరి చేతుల దగ్గర వంగి వాసన చూశాడు. చెమట, బ్లీచింగ్, బీడీ, మళ్లీ చెమట. జీవితంలో ఇంత నీచమైన పని చేయలేదు. ఆరో మనిషి దగ్గర ఆగాడు. పైన సెంటు, అడుగున కుళ్లిన కూలెంట్.

"మెషిన్ గదిలోకి వెళ్లలేదన్నారు మేడం," అన్నాడు, సంకెళ్లు వేస్తూ. "కాడ మీద ఆఖరి మెరుగు మీరే పెట్టినట్టున్నారు."

పొట్టాయన్ని షెడ్డులోనే పట్టుకున్నారు. విచారణలో ముఠా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక్కటే అడిగాడు. "నేను సున్నా సరిగ్గానే పెట్టానా?"

"వెంట్రుకవాసి తేడా లేదు," అని కబురు పంపాడు బావ. పొట్టాయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడని రిపోర్టులో రాశారు. ముక్కు ఆ రిపోర్టుని రెండు వేళ్లతో పట్టుకుని పక్కన పడేశాడు.

చీఫ్ తనకి పతకం వచ్చేలా లెటర్ టైపు చేయించుకున్నాడు. ఊరిని కాపాడిన తమ్ముడు మాత్రం సాయంత్రం ఇంటికెళ్తే, అక్క గుమ్మంలోనే ఆపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతని ముఖం చూసి, అతని ఒంటికంటిన కూలెంట్ కంపుకి ముక్కు మూసుకుని, కొత్త సబ్బు చేతిలో పెట్టింది.