కొబుషి సొరంగంలో ఏడుపు

కొబుషి కనుమ పాత సొరంగం పేరు చెబితే లారీ డ్రైవర్లు కూడా కిటికీ అద్దాలు ఎత్తేసుకుంటారు. కొత్త రోడ్డు పడ్డాక అటు వెళ్లేవాళ్లే తగ్గిపోయారు. వెళ్లినవాళ్లు మాత్రం ఒకటే మాట చెబుతారు — చీకటి పడ్డాక లోపల ఒక ఆడది ఏడుస్తుంది. సన్నగా మొదలవుతుంది... పెరుగుతుంది... కారు వెంటే పరుగెత్తుకొస్తుంది. సొరంగం దాటగానే ఆగిపోతుంది.

సొరంగం ముందు కూల్‌డ్రింకుల మెషీన్ ఒకటుంది. దాంట్లో డబ్బాలు నింపే మనిషి, సాయంత్రం నాలుగు దాటితే ఆ దిక్కుకు రానని కంపెనీకి రాసిచ్చేశాడట.

విచిత్రమేమిటంటే, ఆ సొరంగంలో ఎవరూ చావలేదు. తవ్వేటప్పుడూ లేదు, తర్వాతా లేదు. ఈ చెడ్డపేరంతా మూడేళ్లుగా వచ్చిందే. ఎందుకు వచ్చిందని ఒక్కడూ అడగలేదు. దెయ్యాన్ని నమ్మడానికి జనానికి శవం కూడా అక్కర్లేదు.

మినెగిషి నమ్మలేదు. అతనికి దెయ్యాలంటే భయం లేదు, ఒళ్లుమంట. ఆ మాటకొస్తే అతనికి ఒళ్లుమండని విషయమంటూ లేదు. కనుమ దిగువ ఊళ్లో కార్లకు బాడీ పని చేసే షెడ్డు అతనిది. స్పోర్ట్స్ కారు చక్రాల మీది ఫెండర్లు కోసి, వెడల్పు చేసి, అతుకెక్కడుందో వేలితో తడిమినా తెలియకుండా చేస్తాడు. తలుపు పక్కన సందు పైనుంచి కిందిదాకా ఒక్కలా లేకపోతే అతనికి అన్నం సయించదు.

పంతొమ్మిదేళ్ల పాటు ఆ షెడ్డులో సగం హగాది. హగా సైలెన్సర్ పైపుల మనిషి. టైటానియం గొట్టాల్ని ముక్కలుగా కోసి, వంపు తిప్పి అతికేవాడు. అతికేటప్పుడు గాలి తగలకుండా పైపు లోపల కూడా గ్యాసు నింపాలి. లేకపోతే బయట అతుకు నీలంగా మెరుస్తున్నా లోపల మాడి పెళుసైపోతుంది. బయటిదే కదా కనబడేది అని లోపలి గ్యాసు మిగుల్చుకునేవాళ్లు బోలెడుమంది. హగా ఒక్కనాడు ఆ పని చేయలేదు. పని పూర్తయ్యాక సైలెన్సర్ పైవైపున, కారు అడుగు వైపు ఎవరికీ కనబడని చోట, సూదితో తేదీ గీకేవాడు.

"అక్కడ గీకితే ఎవడు చూస్తాడ్రా?" అనేవాడు మినెగిషి.

"విప్పినవాడు చూస్తాడు" అనేవాడు హగా.

ఇద్దరూ కలిసి చేసిన చివరి కారు ఉబుకటాది. అతను ఊళ్లో సోబా నూడుల్స్ హోటలు నడుపుతాడు. బూడిదరంగు, రెండు తలుపుల కారు. దాని వెనక ఫెండర్లలో గాలి పోవడానికి మినెగిషి సన్నటి సందు తీశాడు. అంచులు లోపలికి మడిచి, ఒక్క రివెట్టు కనబడనీయకుండా రంగు కొట్టాడు. చూసినవాళ్లు కంపెనీ నుంచే అలా వచ్చిందనుకున్నారు.

వారం తిరక్కుండానే ఉబుకటా కారు వెనక్కి తెచ్చాడు. "సొరంగంలో అరవై మీద పోతుంటే వెనకనుంచి ఏడ్చినట్టు చప్పుడొస్తోందండీ. ఇంకెక్కడా లేదు."

చప్పుడు అన్నమాట చెవిన పడగానే మినెగిషి హగా వైపు తిరిగాడు. బాడీకి నోరెక్కడుంది? అరిచేది పైపే కదా!

"లోపల గ్యాసు మిగుల్చుకున్నావు. అతుకు పగిలింది" అన్నాడు, కస్టమరు ఎదురుగానే.

పైపుల మనిషిని అంతకన్నా పెద్ద తిట్టు తిట్టలేం. హగా మొహం పాలిపోయింది. "విప్పి చూడు, కోజో" అన్నాడు. మినెగిషిని పేరు పెట్టి పిలిచేది అతనొక్కడే.

"చూసేదేముంది? ఆయన తన చెవులతో విన్నానంటుంటే!"

ఆ రాత్రి హగా ఒక్కడే పైపు విప్పాడు, మళ్లీ బిగించాడు. తెల్లారేసరికి చేతి తొడుగులు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఆ పైపు తను ముట్టనని మినెగిషి కారును అలాగే ఉబుకటాకు ఇచ్చేశాడు. పోయిన చలికాలం జబ్బుచేసి చచ్చిపోయాడు. మినెగిషి అంత్యక్రియలకు కూడా వెళ్లలేదు. ఎవరైనా అడిగితే, కోపం ఇంకా తగ్గలేదన్నాడు.

ఈ శరత్కాలంలో ఉబుకటా మళ్లీ వచ్చాడు. కారు షెడ్డులో పెట్టి, తాళం దూరంనుంచే అందించాడు.

"మినెగిషి గారూ, ఆ పైపు కోసి పారేయండి. అది హగా గారి ఏడుపు. మా ఆవిడ కారెక్కనంటోంది."

"హగా బతికున్నప్పుడూ ఆ చప్పుడు ఉంది కదండీ?"

"అప్పుడు రిపేరు అనుకున్నాం. ఇప్పుడు మనిషే లేడాయె."

"అయితే? పోయినవాడు మీ సైలెన్సర్‌లో కాపురం పెట్టాడా?"

"మీరు కోయనంటే చెప్పండి, ఇంకోచోట కోయిస్తా" అన్నాడు ఉబుకటా, నేల చూపులు చూస్తూ. "రేపు పొద్దున వస్తా."

అతను వెళ్లాక మినెగిషి రంపం చేతిలోకి తీసుకున్నాడు. మూడేళ్లుగా తిట్టిన పైపే. కోసేస్తే పీడా పోతుంది. కానీ చెయ్యి ఆడలేదు. హగా చేతిపనిలో ఆ షెడ్డుకు మిగిలింది అదొక్కటే, అదీ రేపు తుక్కులోకి పోతుంది. ఒళ్లు భగ్గుమంది. ఎవరిమీదో మాత్రం తెలియలేదు.

అప్పుడు తట్టింది... ఇన్నేళ్లూ తిట్టాడే గాని, ఆ ఏడుపు తను స్వయంగా వినలేదు.

రంపం గిరాటేసి కారెక్కాడు.

సొరంగం చేరేసరికి బాగా చీకటి పడింది. పైనుంచి కిందికి వాలుగా ఉంటుందది. మినెగిషి అద్దాలు రెండూ దించేశాడు.

"రారా హగా... ఏడువు, విందాం!" అని పళ్లు కొరికాడు.

నలభై... యాభై... అరవై —

వచ్చింది.

సన్నగా, గొంతు నొక్కుకుని ఏడ్చినట్టు. తర్వాత పైకి లేచింది. గోడలకు కొట్టుకుని, కుడి భుజం పక్కనుంచి, చెవి దగ్గరే... అతని మెడమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. బ్రేకు తొక్కాడు.

కారు ఆగింది. ఏడుపు ఆగింది.

ఇంజను మాత్రం ఆగలేదు. గుడుగుడుమంటూనే ఉంది. మినెగిషి మెల్లగా ఆక్సిలరేటర్ నొక్కాడు. పైపు గొంతెత్తింది — నిండుగా, జీర లేకుండా. ఇంకా నొక్కాడు. పగిలిన అతుకైతే ఈపాటికి గీపెట్టాలి. గీపెట్టలేదు.

అయితే ఏడ్చింది ఈ పైపు కాదా?

కారు వెనక్కి పోనిచ్చి, పైనుంచి మళ్లీ దిగాడు. ఈసారి వేగం అందుకోగానే గేరు తీసేసి ఇంజను ఆపేశాడు. స్టీరింగు బిగుసుకోకుండా తాళం సగమే తిప్పాడు. పైపులోంచి ఇప్పుడు గాలి కూడా రాదు. చీకట్లో చక్రాల చప్పుడు ఒక్కటే —

ఇంజను చచ్చిన ఆ కారులో ఏడుపు మళ్లీ మొదలైంది.

అదే కుడి భుజం పక్కన. తలుపు వెనక.

"ఎవరది..." అన్నాడు మినెగిషి.

సొరంగం బయట, మెషీన్ వెలుతుర్లో కారు ఆపి దిగాడు. కుడి ఫెండరు మీద చెయ్యి వేశాడు. చల్లగా, నున్నగా ఉంది, తన పనే. గాలి సందులోకి రెండు వేళ్లు దూర్చాడు.

ఏదో తగిలింది... మెత్తగా... కదిలింది.

పట్టుకుని లాగాడు.

వేలెడు పొడవు కాగితపు టేపు. రంగు కొట్టేటప్పుడు అంచులకు అంటించేది. ఒకవైపు బూడిదరంగు పూసుకుని ఉంది. పిల్లలు ఆకుతో బూర చేసి ఊదినట్టు, ఇన్నేళ్లూ గాలి దాన్ని ఊదుతోంది, సొరంగం గోడలు దాన్ని పెద్దది చేస్తున్నాయి. రాత్రి హోటలు మూసి ఉబుకటా ఈ దారిన పోయినప్పుడల్లా, ఎదురైనవాళ్లు విన్నది దీన్నే. మడిచిన అంచు వెనక దాక్కుంది కాబట్టి కనబడలేదు. కనబడకుండా అంత శుభ్రంగా మడిచింది ఎవరో అతనికి తెలుసు.

అతను నేలమీద చతికిలబడ్డాడు. పక్కనే వేడెక్కిన పైపు చల్లారుతూ టిక్... టిక్... అంటోంది. విప్పి చూడు, కోజో.

కనీసం తేదీ అయినా చూద్దామనిపించింది. బోర్లా పడుకుని, కారు కిందికి చెయ్యి పోనిచ్చి, సైలెన్సర్ పైన ఫోను పెట్టి ఫోటో తీశాడు. మోచెయ్యి చుర్రుమని కాలింది. ఫోను బయటికి తీసి చూశాడు.

తేదీ ఉంది. తేదీ కింద, సూదితో గీకిన చిన్న అక్షరాలూ ఉన్నాయి.

"లోపల శుభ్రంగా ఉంది. చప్పుడు పైపుది కాదు. కుడి ఫెండరు సందులో నీ టేపు ఉంది. కస్టమరు ముందు నిన్ను అనను. విప్పినప్పుడు తీసేసుకో."

మర్నాడే విప్పుతాడనుకున్నాడు హగా. తప్పు హగాదేనని రుజువు చేయడానికైనా మినెగిషి విప్పుతాడనుకున్నాడు. అంత కోపం వచ్చినవాడు ఎవడైనా విప్పుతాడు. మినెగిషి అది కూడా చేయలేదు.

అతను లేచాడు. సొరంగం వైపు తిరిగి, నరాలు తెగేలా అరిచాడు.

"నోటితో చెప్పొచ్చు కదరా! నన్ను నాలుగు తన్ని చెప్పొచ్చు కదరా! దొంగ వెధవా... చెప్పకుండా చచ్చిపోతావా!"

"...చచ్చిపోతావా" అంది సొరంగం.

పొద్దున ఉబుకటా వచ్చేసరికి రంపం గోడకు వేలాడుతోంది. మినెగిషి అతని అరచేతిలో టేపు ముక్క పెట్టాడు.

"ఇదిగో మీ ఏడుపుగొట్టు దెయ్యం. హగాది కాదు, నాది. ఊరంతా చెప్పండి."

ఉబుకటా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి... పైపు?"

"ఆ పైపు మీద చెయ్యి పడితే ఆ చెయ్యి విరగ్గొడతా. ఎవడిదైనా సరే, నీదైనా సరే!"

ఉబుకటా చెప్పాడు, ఊరంతా విన్నది. ఆడదాని ఏడుపు ఆ రోజుతో పోయింది. అయినా కొబుషి సొరంగానికి చెడ్డపేరు పోలేదు. చలికాలంలో ఒక రాత్రి, సరిగ్గా హగా పోయిన తేదీన, లోపల మగగొంతు ఒకటి ఎవరినో బండబూతులు తిడుతుందని, మధ్యలో ఆగి ఏడుస్తుందని లారీ వాళ్లు చెబుతారు. మెషీన్‌లో డబ్బాలు నింపే మనిషి ఇప్పటికీ నాలుగు దాటితే అటు రాడు.

కనుమ దిగువ కార్ల షెడ్ల వాళ్లెవరూ అతనికి నిజం చెప్పలేదు. ఆ గొంతు ఎవరిదో వాళ్లందరికీ తెలుసు. ఆ మనిషి బతికే ఉన్నాడు.