చప్పుడు లేని మాట

ఆ ఉదయం హెట్టీకి చాలా పనులున్నాయి. పొయ్యిలో బూడిద ఎత్తాలి. తమ్ముడు క్లెమ్ మెడ సబ్బుతో రుద్దాలి. వాడి చెక్క బూట్లు తుడవాలి. వాణ్ణి స్కూలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. మిల్లుకు వెళ్తూ అమ్మ దాన్ని గుమ్మంలో మళ్లీ చెప్పింది.

"డాక్టరు ఏది అడిగినా, తమ్ముడి ఎదురుగా నిలబడి పెదాలతో చెప్పు తల్లీ. మర్చిపోకు."

"నువ్వే రావచ్చుగా అమ్మా."

"నేనొస్తే నా మగ్గాలు ఇంకొకరికి ఇచ్చేస్తారే."

ఇంగ్లండులో లాంకషైర్ అనే ప్రాంతంలోని ఆ ఊళ్లో చాలామంది ఆడవాళ్లు నేత మిల్లులోనే పనిచేసేవారు. మగ్గాల హోరులో గొంతు వినబడదు. అందుకే పెదాలు సాగదీసి, ముఖమంతా కదిలించి, చప్పుడు లేకుండా మాట్లాడుకునేవారు. క్లెమ్‌కు చెవులు బాగానే పనిచేస్తాయి. కానీ మాటలు గబగబా వస్తే వాడి బుర్రలో చిక్కుపడిపోతాయి. అవే మాటలు అమ్మ పెదాల మీదో అక్క పెదాల మీదో చూస్తే, నెమ్మదిగానైనా అర్థమవుతాయి.

చదువులో వెనకబడిన పిల్లలకు ఊళ్లోనే ఒక ప్రత్యేక బడి ఉంది. క్లెమ్ అక్కడ నేర్చుకోగలడని డాక్టరు అంటే, రోజూ సాయంత్రం ఇంటికొచ్చేస్తాడు. నేర్చుకోలేడంటే, కొండల అవతలి హాస్టలుకు పంపేస్తారు. పదహారేళ్లు నిండేదాకా అక్కడే ఉండాలి.

డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద హెట్టీ క్లాసు పిల్ల వినిఫ్రెడ్ కళ్లద్దాల కోసం వచ్చి కూర్చుంది.

"మీ అమ్మ వీధిలో కూడా చేపలా నోరు తెరిచి మూస్తుందట కదా" అంది వినిఫ్రెడ్. "ఏదీ, నువ్వూ చెయ్యి, చూద్దాం."

హెట్టీ తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్లింది.

"బాబూ, నువ్వు వీధిలో ఉండగా వాన వచ్చిందనుకో. ఏం చేస్తావు?" అని అడిగాడు డాక్టరు.

క్లెమ్ అక్క నోటివైపు చూశాడు. హెట్టీ తలుపువైపు చూసింది. వినిఫ్రెడ్ మెడ చాచి మరీ చూస్తోంది. హెట్టీ పెదాలు బిగించుకుంది.

"వీడు నీకేసి ఎందుకు చూస్తున్నాడమ్మా?"

"ఊరికే సార్."

డాక్టరు ఇంకా కొన్ని ప్రశ్నలు అడిగాడు. క్లెమ్ ప్రతిసారీ అక్క నోటినే చూశాడు. చివరికి తన బూట్లవైపు చూస్తూ ఉండిపోయాడు. డాక్టరు ఏదో రాసుకుని, ఇక వెళ్లమన్నాడు.

దారిలో వాన మొదలైంది. క్లెమ్ ఆగి, తన కోటు విప్పి అక్క తలమీద కప్పాడు. తను పక్కనే తడుస్తూ నడిచాడు.

ఇంటికొచ్చాక హెట్టీ అమ్మకు అంతా చెప్పేసింది. అమ్మ కొట్టలేదు. మర్నాడు మిల్లు మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"వాణ్ణి హాస్టలుకు పంపమని రాసిన కాగితాలు పై అధికారులకు వెళ్లిపోయాయట. మళ్లీ ఏడాదికి చూస్తారట" అంది.

సోమవారం క్లెమ్‌ను హాస్టలుకు తీసుకెళ్తున్న వ్యాను వచ్చి హెట్టీ బడి ముందే ఆగింది. పిల్లలంతా గేటు దగ్గర మూగారు. క్లెమ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. నర్సు ఏదో గబగబా చెబుతోంది. వాడు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

హెట్టీ రోడ్డు మధ్యకు వెళ్లి కిటికీకి ఎదురుగా నిలబడింది. నోరు బాగా తెరిచి, పెదాలు సాగదీసి, చప్పుడు లేకుండా ఒక్కొక్క మాటే చెప్పింది.

"నేను వస్తాను. నిన్ను చూడ్డానికి వస్తాను."

"చేపమూతి" అన్నారెవరో. గేటు దగ్గర అందరూ నవ్వారు. హెట్టీ వెనక్కి తిరగలేదు. మొదటినుంచి మళ్లీ చెప్పింది.

క్లెమ్ అద్దానికి ముఖం ఆనించాడు. వాడి పెదాలు మెల్లగా కదిలాయి.

"వాన వస్తే... కోటు కప్పుకో."

వ్యాను కదిలింది. అది మలుపు తిరిగేదాకా హెట్టీ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

పిల్లలూ, ఈసారి మీరు వానలో తడుస్తూ ఇంటికొచ్చేటప్పుడు, క్లెమ్‌ను ఒక్కసారి తలుచుకోండి.