దొరకని ఇరవై రెండు ఫైళ్లు

మావయ్యగారు ఉదయం పేపరు చదవడం అయ్యాక దాన్ని మళ్లీ కొత్తదానిలా మడతపెట్టి, తేదీ పైకి కనిపించేలా బల్ల మీద ఉంచుతారు. కోర్టు రికార్డు గదిలో ముప్పై రెండేళ్లు పనిచేసిన అలవాటు అది. రిటైరై ఐదేళ్లయినా ఆయన చెయ్యి ఊరుకోదు. వంటింట్లో డబ్బాలు ఎత్తు ప్రకారం నిలబడతాయి. గుమ్మం దగ్గర చెప్పులన్నీ గోడవైపు తిరిగి ఉంటాయి. ఇక మా గిన్నెలకి కేసు నంబర్లు వేయడమొకటే తరవాయి అని కోడలు నవ్వేది.

ఆ రోజు మాత్రం ఆమె నవ్వే తీరికలో లేదు. నిలబడే టీ తాగేసి వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. నాటకాలకీ సీరియళ్లకీ నేపథ్య సంగీతం చేయడం ఆమె పని. ఇన్నేళ్లలో ఒక సీరియల్ మొత్తం ఆమె చేతికి రావడం ఇదే మొదటిసారి. తొమ్మిది రోజులుగా బయట స్టూడియోలో గాయకులతో రికార్డింగ్ చేసి, ఆ పాటలకి ఇంట్లో తన శబ్దాలు జతచేసి పంపడానికి ఈ సెలవు రోజు ఉంచుకుంది. సాయంత్రం ఆరు దాటితే వేరే వాళ్లని చూసుకుంటానని దర్శకుడు మొహమాటం లేకుండా ముందే చెప్పాడు.

పని తెరవగానే తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఇరవై రెండు ఫైళ్లు దొరకడం లేదట.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో డివైజ్ ఒక్కో వాయిద్యం లాంటిది. దాని మీటలు ఏ శబ్దానికి ఎంత తిప్పి ఉంచాలో గుర్తుపెట్టుకునే ఫైలు ప్రీసెట్. కొనుక్కున్నవి పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇవి అలాంటివి కావు. గిన్నె మూత నుంచి తీసిన గంట, తలుపు కీచుమనడం నుంచి తీసిన వయొలిన్‌లాంటి ఏడుపు, ఇలా ఎనభై ఆరు, ఆరేళ్ల పాటు ఆమె ఒక్కొక్కటిగా చేసుకున్నవి. వాటిని దాచిన ఫోల్డరే మాయమైంది. వేరేచోట పెట్టుకున్న నకలు ఏడాది కిందటిది. అందులో ఈ సీరియల్‌కి వాడిన ఇరవై రెండిట్లో ఒక్కటీ లేదు.

ఎక్కడున్నాయో వెతకమని సాఫ్ట్‌వేర్‌కే చెప్పింది. ఆ పేర్లతో ఏమీ లేదంది. కంప్యూటర్ చివరిసారి వాడిన సమయం చూస్తే నిన్న మధ్యాహ్నం రెండూ పది. పాత ఫొటోలు చూసుకుంటారని మావయ్యగారికి ఈ కంప్యూటర్ నేర్పింది ఆమే.

ముందుగదిలోకి వచ్చి, గొంతు పెంచకుండానే అడిగింది. ఆయన ఆ గదిలోకే వెళ్లలేదన్నారు. ఓసారి ఆపి మళ్లీ పెట్టి చూడమని భర్త సలహా ఇచ్చాడు. అన్ని యంత్రాలకీ అతని దగ్గరున్న మందు అదొక్కటే.

"నిన్న రెండూ పదికి ఎవరో తెరిచారు. అప్పుడు ఇంట్లో మీరొక్కరే ఉన్నారు మావయ్యా."

"భోంచేసి పడుకున్నానమ్మా. లేచేసరికి టీ వేళయింది."

"సర్దితే సర్దారు. సర్దానని చెప్పండి చాలు. ఇంత చిన్నదానికి అబద్ధం ఎందుకు?"

ఆయన పేపరు సగం మడతలో ఆగిపోయింది. అబద్ధమాడానని ఇంతవరకూ తనని ఎవరూ అనలేదని మెల్లగా అన్నారు. లేచి తన గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.

భర్త ఆ మాట అనకుండా ఉండాల్సిందన్నాడు. ఆమెలో ఎన్నాళ్లుగానో అణిగి ఉన్నది పైకి వచ్చేసింది. "నా పని ఈ ఇంట్లో ఎప్పుడూ కాలక్షేపమే. మీ నాన్నగారి చెయ్యి పడని చోటు ఒక్కటి కావాలి నాకు. లేదంటే బయట వెతుక్కుంటాను, గదైనా సరే, ఇల్లైనా సరే."

"ఇల్లా?"

"విన్నారుగా."

ఆమె వెనక్కి వచ్చి ఫోల్డర్లన్నీ ఒకదాని తరవాత ఒకటి తెరవడం మొదలుపెట్టింది. గంట తరవాత, మావయ్యగారి ఫొటోలుండే చోట, 'క్రమంలో పెట్టినవి' అన్న పేరు కనిపించింది. పక్కన నిన్నటి తేదీ. చూశారా అని భర్తని పిలవబోయింది.

తెరిస్తే లోపల మరో ఫోల్డర్. అదే పేరు, మొన్నటి తేదీ. దాని లోపల మరొకటి, అంతకు ముందురోజుది. ఆమె తెరుస్తూనే ఉంది. మొత్తం తొమ్మిది, ఆమె స్టూడియోకి వెళ్లిన రోజులకి సరిగ్గా ఒక్కొక్కటి. అట్టడుగున ఎనభై ఆరు ప్రీసెట్లూ ఉన్నాయి. ప్రతి పేరు ముందూ దాని నంబరు తొమ్మిదిసార్లు వరసగా వేసి ఉంది.

ఆమెకి అర్థమైంది. రోజూ ఆ ఫైళ్లు ఆయనకి కొత్తగా, చిందరవందరగా కనిపించాయి. రోజూ కూర్చుని ఎనభై ఆరింటికీ నంబర్లు వేశారు. మర్నాటికి వేసిన సంగతే గుర్తులేదు. ఈమధ్య సాయంత్రాలు నడుం ఎందుకో పట్టేస్తోందని ఆయన అనడం, అంతసేపు పడుకుంటే పట్టెయ్యదా అని తాము నవ్వడం గుర్తొచ్చాయి.

భర్త వచ్చి చూశాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఒకే సంగతి నాన్న నాలుగుసార్లు అడుగుతుంటే వయసు కదా అనుకున్నానని చెప్పి, ఇది మాత్రం ఆయనకి చూపించొద్దని బతిమాలాడు.

"అబద్ధమాడారని ఆయన్ని అన్నాను. ఇప్పుడు మనిద్దరం కలిసి ఆయనతో అబద్ధమాడదామా?" అందామె.

మావయ్యగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఆమె కింద కూర్చుని, మీరు అబద్ధం చెప్పలేదు, నాదే తప్పు అంది. ఆయన ముందుగా అడిగింది ఫైళ్లు దొరికాయా అని. దొరికాయని, పేర్లు మారినందువల్ల ఒక్కోటీ ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కి వేలుపెట్టి చూపించాలని, ఆయన చదివితే పని త్వరగా అవుతుందని చెప్పింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని లేచారు.

"సున్నా నాలుగు ఏడు. సున్నా నాలుగు ఏడు. సున్నా నాలుగు..." చదువుతున్న గొంతు ఆగింది. తెరకి దగ్గరగా వంగారు. "మూడంకెలు, పక్కన చిన్న గీత. ఈ పద్ధతి మా రికార్డు గదిలో నేను పెట్టిందే."

తెర మీంచి చూపు తిప్పి కోడలి వైపు చూశారు.

"నేనేనా అమ్మాయ్?"

"మీరే మావయ్యా."

ఆయన పెదవులు కదుపుతూ నంబర్లు లెక్కపెట్టుకున్నారు. "తొమ్మిదిసార్లా?"

"ఒక్కటి కూడా తప్పు పడలేదు మావయ్యా. ఒక్క ఫైలు కూడా పోలేదు."

ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి కాబోలు అన్నారు. రేపే వెళదామంది ఆమె.

"నువ్వే రా. వాడొస్తే అడగాల్సినవి అడగడు, ఏడుస్తూ కూర్చుంటాడు."

గుమ్మంలో నిలబడ్డ కొడుకు మొహం తిప్పుకున్నాడు.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఇంకా ఎన్నున్నాయని అడిగారు. మొదటిదే అవలేదంది ఆమె. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టారు. ఆమెకి తెర మసకమసగ్గా ఉంది, బాణం గుర్తు ఎక్కడుందో తెలియడం లేదు. మళ్లీ ఒకసారి చదవమని అడిగింది. ఆయన విసుక్కోకుండా ఆ వరసంతా మొదటి అంకె నుంచి మళ్లీ చదివారు.